కారు సర్వీసింగూ... కందిపప్పు లెక్కా!

నిద్రలో లేపి అడిగినా కందిపప్పు కిలో ఎంతో చెప్పేస్తాం మనం. ఏ కొట్లో రెండు రూపాయలు తక్కువో, ఏ కొట్లో తూకం తేడాగా ఉంటుందో, ఏ కూరగాయలబ్బాయి పుచ్చు వంకాయలు అడుగున పెట్టి నిగనిగలాడేవి పైన పేరుస్తాడో మనకి కొట్టినపిండి. ఇవన్నీ ఎవరూ బళ్ళో నేర్పలేదు. ఇల్లు నడుపుతూ నేర్చుకున్నవే. జాకెట్టు కుట్టినందుకు టైలరు యాభై రూపాయలు ఎక్కువ అడిగితే, "ఇదేమిటయ్యా, పోయినసారి ఇంత లేదే!" అని నిలదీసి మరీ వస్తాం.

మరి అదే మనం కారు సర్వీసింగుకి ఇస్తే, వాళ్ళు పద్దెనిమిది వేల ఎస్టిమేటు చేతిలో పెడితే ఏం చేస్తాం? నోరెత్తకుండా సంతకం పెట్టేస్తాం! అవునా, కాదా? మీ సంగతేమోగానీ మా ఇంట్లో ఆరేళ్ళుగా జరిగింది అదే.

మాది చిన్న పెట్రోలు కారు. 2019లో కొన్నాం. దాని సర్వీసింగు ఎప్పుడూ మావారి పనే. పొద్దున ఇచ్చేసి రావడం, సాయంత్రం డబ్బు కట్టి తెచ్చుకోవడం. "ఎంతయిందండీ?" అంటే, "ఏదో అయిందిలే" అనేవారు. రెండేళ్ళ క్రితం ఆయనకి అనంతపురం బదిలీ అయింది. పిల్లల చదువుల వల్ల నేనూ, అత్తయ్యగారూ, కారూ విజయవాడలోనే ఉండిపోయాం. నలభై దాటాక డ్రైవింగు నేర్చుకుని కూరగాయల మార్కెట్‌దాకా, అత్తయ్యగారి డాక్టరుదాకా నడుపుతున్నాను. కానీ సర్వీసింగు అనేసరికి మాత్రం ఆయన సెలవు మీద వచ్చినప్పుడే.

2025 కార్తీకమాసంలో మాత్రం అలా కుదరలేదు. అత్తయ్యగారికి శ్రీశైలం మల్లన్న దర్శనం చేయించాలని అనుకున్నాం. "దోర్నాల దాటాక ఘాట్ రోడ్డు. సర్వీసింగు చేయించకుండా బండి బయటికి తియ్యొద్దు. ఈసారికి నువ్వే ఇచ్చెయ్" అన్నారు మావారు ఫోనులో. సరేనన్నాను. ఇందులో ఏముంది, ఇచ్చి రావడమేగా!

పొద్దున తొమ్మిదింటికి కంపెనీ వర్క్‌షాపులో కారు అప్పజెప్పాను. సర్వీస్ అడ్వైజర్ అట, పాతికేళ్ళు కూడా లేని కుర్రాడు, చేతిలో పలకలాంటి కంప్యూటరు పట్టుకుని కారు చుట్టూ తిరిగాడు. కిలోమీటర్లు రాసుకున్నాడు. 48 వేలు. "ఎస్టిమేటు ఫోనుకి పంపిస్తాం మేడమ్. ఓకే అంటే పని మొదలుపెడతాం" అన్నాడు.

ఇంటికొచ్చి కుక్కరు పెట్టానో లేదో, ఫోను మోగింది. చూద్దును కదా... 16 లైన్లు. అడుగున 18,790 రూపాయలు!

గుండె గుభేలుమంది. వారం రోజుల్లో అమ్మాయి హాస్టలు ఫీజు కట్టాలి. శ్రీశైలం ఖర్చు వేరే ఉండనే ఉంది. మావారికి ఫోను చేస్తే, "ఆడిటు వాళ్ళున్నారు. వాళ్ళు చెప్పింది చేయించెయ్" అని పెట్టేశారు. ఫోనులో "అప్రూవ్" అని ఆకుపచ్చ బటను మెరుస్తోంది. వేలు దాని మీదదాకా వెళ్ళింది కూడా.

అప్పుడు ఎందుకో జాకెట్టు టైలరు గుర్తొచ్చాడు. యాభై రూపాయలకి అతన్ని నిలబెట్టి అడిగే మనిషిని, పద్దెనిమిది వేలకి ఒక్క ప్రశ్న వెయ్యనా? ఇంజను గురించి నాకేం తెలియదు, నిజమే. ఇంటర్లో నేను చదివింది కామర్సు. కానీ ఇది ఇంజను కాదు కదా, బిల్లు! బిల్లు చదవడం నాకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది? "సాయంత్రం నాలుగింటికి వచ్చి చెబుతాను, అప్పటిదాకా ఏమీ చెయ్యొద్దు" అని ఆ అబ్బాయికి ఫోను చేసి చెప్పి, స్టవ్వు ఆపి, కాగితం కలం తీసుకుని కూర్చున్నాను.

ముందుగా ఆ 16 లైన్లనీ కాగితం మీద ఎత్తి రాశాను. రాస్తుంటేనే సగం భయం పోయింది. అర్థంకాని పేర్లు గుత్తులుగా విడిపోయాయి. ఇంజను ఆయిలు 1,680, ఆయిలు ఫిల్టరు 120, ఎయిర్ ఫిల్టరు 340, ఏసీ ఫిల్టరు 460, స్పార్క్ ప్లగ్గులు 640, బ్రేక్ ఆయిలు 360, ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు 2,150. ఇవి వస్తువులు. సర్వీస్ లేబరు 2,400, ప్యాడ్లు మార్చే లేబరు 750, బ్రేకుల క్లీనింగు 650, వీల్ అలైన్‌మెంటూ బ్యాలెన్సింగూ 950. ఇవి కూలి. ఇక మిగిలినవి... ఇంజను ఫ్లష్ 690, డీకార్బనైజింగు 1,850, ఏసీ క్లీనింగు 1,250, కారు అడుగుభాగానికి కోటింగు 2,900, లోపల క్లీనింగూ పాలిషూ 1,600. ఈ ఐదూ కూడితే 8,290! పూర్తి బిల్లులో సగానికి కాస్త తక్కువ.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇందులో ఏది అవసరం?

కారు కొన్నప్పుడు ఒక లావుపాటి పుస్తకం ఇస్తారు, గుర్తుందా? డాష్‌బోర్డు అరలో కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది. మాది అదృష్టవశాత్తూ బీరువాలో ఉంది. ఇంగ్లీషే, అయినా చివర్లో ఒక పట్టిక ఉంది చూడండీ, అది ఎవరికైనా అర్థమవుతుంది. అచ్చం పిల్లల టీకాల కార్డులాంటిదే! పైన కిలోమీటర్లు, నెలలు. పక్కన వస్తువుల పేర్లు. ఎప్పుడు చూడాలి, ఎప్పుడు మార్చాలి అని గళ్ళలో గుర్తులు. కారు తయారుచేసినవాళ్ళే రాసిన మాట అది. కిలోమీటర్లు, కాలం... రెండింటిలో ఏది ముందొస్తే అదే లెక్క. మనలాగా ఊళ్ళోనే తిరిగే కారుకి కిలోమీటర్లు నిండకపోయినా ఏడాదికోసారి ఇంజను ఆయిలు మార్చాల్సిందే.

పట్టికలో ఆయిలు ఉంది, ఆయిలు ఫిల్టరు ఉంది, ఏసీ ఫిల్టరు ఉంది. ప్లగ్గులు మార్చే గడువు దాటిపోయింది, మావి మామూలు రకం మరి. ఇరిడియం ప్లగ్గులైతే ఇంకా చాలాకాలం వస్తాయట. బ్రేక్ ఆయిలు రెండేళ్ళకోసారి మార్చమని ఉంది. ఎందుకంటే అది మన ఉప్పులాగా గాలిలోని చెమ్మని పీల్చుకుంటుందట. చెమ్మ చేరిన ఆయిలు, ఘాట్‌లో బ్రేకులు వేడెక్కినప్పుడు మరిగి ఆవిరి బుడగలు కడితే, పెడలు తొక్కినా బ్రేకు సరిగ్గా పట్టదు. అమ్మో, అనుకున్నాను.

ఇక ఆ ఐదు లైన్లూ? పట్టిక మొత్తం వేలు పెట్టి వెతికాను. ఫ్లష్ లేదు, డీకార్బనైజింగు లేదు, కోటింగు లేదు, పాలిషు లేదు. ఏసీ ఫిల్టరు ఉంది కానీ ఏసీ క్లీనింగు లేదు!

తర్వాత పాత బిల్లులు తీశాను. మావారు చూడకపోయినా దాచడం మాత్రం దాచారు, ఆ పుణ్యం ఆయనదే. పోయినేడాది బిల్లులో ఎయిర్ ఫిల్టరు కొత్తది వేసినట్టు ఉంది. పట్టిక ప్రకారం మళ్ళీ మార్చడానికి ఇంకా చాలా కిలోమీటర్లు ఉంది. ఈసారికి దులిపితే చాలు. అదే బిల్లులో అండర్‌బాడీ కోటింగూ ఉంది, ఏసీ క్లీనింగూ ఉంది. అంతకు ముందటేడూ ఉన్నాయి! మనం దీపావళికి ఇల్లు దులుపుకున్నట్టు మా కారుకి ప్రతి ఏడూ పూతలు పూయిస్తున్నామన్నమాట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇదంతా ఎదురింటి పిన్నిగారికి చెబితే, "బ్రేక్ ప్యాడ్లు కూడా కొట్టెయ్ అమ్మాయ్! పోయాయి పోయాయి అని ప్రతివాడూ అంటాడు. భయపెడితే డబ్బులు రాలతాయని వాళ్ళకి తెలుసు. మా మరిదికీ అలాగే చెప్పారు" అన్నారు. నాకూ సబబుగానే తోచింది. మావి కీచుమని కూడా అనడం లేదు. పాత బిల్లుల్లో ఎక్కడా లేవు. ప్యాడ్లూ లేబరూ కలిపి 2,900! ఉత్సాహంగా ఆ రెండు లైన్లూ కూడా అడ్డంగా కొట్టేశాను. కొట్టేస్తుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అవసరం సంగతి తేలింది సరే, ధర సంగతి? మేముండేది పటమట. ఆటోనగర్ పక్కనే. విజయవాడ జవహర్ ఆటోనగర్ సంగతి మీరు వినే ఉంటారు. లారీ కావాలన్నా, లారీకి మేకు కావాలన్నా అక్కడ దొరుకుతుంది. అన్నేళ్ళుగా పక్కనే ఉన్నా నేనెప్పుడూ ఆ వీధుల్లో అడుగుపెట్టలేదు. ఆవేళ కాగితం పట్టుకుని వెళ్ళాను. మొదట్లో కాస్త బెరుకుగా ఉంది, అంతా మగవాళ్ళే కదా. విడిభాగాల కొట్టాయన మాత్రం స్టూలు వేసి, "ఏ మోడలమ్మా?" అని మర్యాదగానే అడిగాడు. కంపెనీ వస్తువుల డబ్బాలే తీసి చూపించాడు.

డబ్బా మీద ఎంఆర్‌పీ ఉంటుంది, అన్ని పన్నులతో కలిపి. బిస్కెట్ ప్యాకెట్టుకి ఎలాగో దీనికీ అలాగే. అంతకంటే ఎక్కువ తీసుకోకూడదు. ఎస్టిమేట్లో మాత్రం ధర వేరే, జీఎస్టీ వేరే వేసి చూపిస్తారు. రెండూ కలిపినా ఎంఆర్‌పీ దాటకూడదన్నది మనం చూసుకోవాలి. ఇంకో సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల విడిభాగాలన్నిటికీ జీఎస్టీ 18 శాతానికి తెచ్చారు. అంతకు ముందు చాలావాటికి 28 ఉండేది. కాబట్టి పాత బిల్లుతో పోల్చేటప్పుడు పన్ను కలవని ధర పక్కన పన్ను కలవని ధర పెట్టి చూడాలి.

ఒక్కొక్కటే సరిచూశాను. చెప్పొద్దూ, వస్తువుల ధరల్లో ఒక్క రూపాయి తేడా లేదు! దొంగ దొరికాడని వెళ్ళినదాన్ని కాస్త చప్పబడ్డాను. ఆ కొట్టాయనే ఇంకో మాట చెప్పాడు. ఒకప్పుడు చాలా కార్ల కంపెనీల అసలు విడిభాగాలు ఇలా బయట దొరికేవి కావట. 2014లో కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా ఇది తప్పని 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది. ఆ మీదట కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయనుకోండి. మనం వంకాయల దగ్గర బేరమాడుతుంటే, అంత పెద్ద పెద్ద పంచాయితీలు జరిగాయన్నమాట ఈ ప్యాడ్ల గురించీ ఫిల్టర్ల గురించీ!

పక్క సందులో మా పాత స్కూటరు బాగుచేసిన మేస్త్రీ ఉన్నాడు. ఇప్పుడు కార్లు కూడా చేస్తున్నాడు. కాగితం ఇస్తే కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. ఆ ఐదు లైన్ల మీద నవ్వి, "అవి మీ ఇష్టం అమ్మా. ఏసీలో వాసనొస్తే క్లీనింగు చేయించుకోవచ్చు. సముద్రపు ఒడ్డున ఉండేవాళ్ళకి ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, కోటింగు పనికొస్తుంది. మీకు అవి రెండూ లేవుగా" అన్నాడు. "బ్రేకుల క్లీనింగు వేరే ఎందుకు రాశాడో అడగండి. ప్యాడ్లు మార్చడానికి ఎలాగూ చక్రం విప్పుతాడు, విప్పినప్పుడు తుడుస్తాడు. ఒకే పనికి రెండు కూలీలు ఎందుకు?" అన్నాడు. ఇది మాత్రం నాకు ఎప్పటికీ తట్టేది కాదు.

"మరి ఈ ప్యాడ్లు? ఇవి కూడా ఉత్తదేగా?" అన్నాను ఆశగా.

ఆయన కళ్ళజోడు తీసేశాడు. "అది నేను చెప్పకూడదమ్మా. ధర ఎంతో ఇక్కడ కూర్చుని చెప్పొచ్చు. అరిగిందో లేదో చూసినవాడే చెప్పాలి. కాగితం మీద కొట్టేస్తే ప్యాడ్లు పెరగవు కదా. వెళ్ళి చూపించమనండి" అన్నాడు.

ఆ మాట చెవిన పడిందిగానీ మనసుకి ఎక్కలేదు. 2,900 మిగిల్చిన ఆనందంలో ఉన్నాను మరి!

నాలుగింటికి వర్క్‌షాపుకి వెళ్ళి నా కాగితం ఆ అబ్బాయి ముందు పెట్టాను. పుస్తకంలో పట్టిక, పాత బిల్లు పక్కనే పెట్టాను. ఆ ఐదు లైన్లూ వద్దన్నాను. "ఇవి చేయిస్తే మంచిది మేడమ్..." అని మొదలుపెట్టాడు. "మంచిదే నాయనా. కానీ ఈ పుస్తకంలో ఎక్కడుందో చూపించు, చేయిస్తాను" అన్నాను. గొంతు పెంచలేదు. చూపించలేక ఊరుకున్నాడు. ఎయిర్ ఫిల్టరు పోయినేడు వేశారన్నాను, బిల్లు చూసి తీసేశాడు. బ్రేకుల క్లీనింగు సంగతి అడిగితే, కంప్యూటరులో చూసుకుని, "వెనక డ్రమ్ములు తుడవడం సర్వీసు లేబరులోనే ఉంది, ముందువి ప్యాడ్లతో అయిపోతాయి, తీసేస్తాను" అన్నాడు. నాకు ఎంత గర్వంగా ఉందంటే, నాలో ఒక వకీలు కనిపించింది!

"ప్యాడ్లు కూడా వద్దు" అన్నాను అదే ఊపులో.

ఆ అబ్బాయి మొహం మారిపోయింది. "మేడమ్, మిగతావన్నీ మీ ఇష్టం. ఇది మాత్రం కొట్టెయ్యకండి" అన్నాడు.

"అందరూ అదే అంటారట కదా."

"ఒక్కసారి లోపలికి రండి."

వెళ్ళాను. మా కారు పైకెత్తి ఉంది. ముందు చక్రం విప్పి ఉంది. ఆ అబ్బాయి ఒక ప్యాడు బయటికి తీయించి నా చేతిలో పెట్టాడు. పక్కనే కొత్తది డబ్బాలోంచి తీసి ఇంకో చేతిలో పెట్టాడు. కొత్తదాని మీద బ్రేకు పట్టే భాగం మినపరొట్టె అంత మందం ఉంది. మాదాని మీద... అప్పడం. అంతే. సన్నటి అప్పడమంత పొర, దాని వెనక ఇనపరేకు. "కొత్తది పది మిల్లీమీటర్ల దాకా ఉంటుంది మేడమ్. మూడుకి వస్తే మార్చెయ్యాలి. మీది రెండు కూడా లేదు" అని కొలిచి చూపించాడు. "అది కూడా అరిగితే ఇనుము మీద ఇనుము. డిస్కులు పాడవుతాయి, బ్రేకు పట్టదు. శ్రీశైలం వెళ్తున్నాం అన్నారు కదా పొద్దున."

అన్నాను. కారు ఇచ్చేటప్పుడు మాటవరసకి అన్నాను. అతనికి గుర్తుంది. నేనే మర్చిపోయాను, ఆ లైను ఎదురుగా అడ్డంగా గీత గీసేటప్పుడు. వెనక సీట్లో అత్తయ్యగారు, పక్కన అబ్బాయి, స్టీరింగు దగ్గర మావారు, దోర్నాల దాటాక ఆ దిగుడు మలుపులు... నా చేతిలో ఆ ఇనపరేకు చల్లగా తగిలింది. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"వెయ్యి బాబూ" అన్నాను. తర్వాత ఉండబట్టలేక అడిగాను. "ఇంత నిజమైన అవసరాన్ని ఆ పూతల మధ్యలో ఎందుకు కలిపావయ్యా? అన్నీ ఒకేలా కనిపిస్తే మాకెలా తెలుస్తుంది?"

అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "మాకు నెలకింత అని ఉంటుంది మేడమ్" అన్నాడు. అంతే అన్నాడు. ఇంకేమీ అడగలేదు నేను. వాళ్ళమ్మ వయసు నాకంత ఉంటుందేమో.

చివరికి బిల్లు 9,510 అయింది. వస్తువులు 5,410, కూలి 4,100. అదే పని ఆటోనగర్ మేస్త్రీ ఏడున్నర వేలల్లో చేస్తానన్నాడు. రెండు వేలు తేడా. మరి మోసపోయానా అంటే, నాకలా అనిపించలేదు. కంపెనీ వర్క్‌షాపులో కూలి ఎక్కువే. ఒక్కో పనికి ఇంత సమయం అని ముందే కట్టిన లెక్క అది, పని త్వరగా అయినా అంతే. కానీ బిల్లు పక్కాగా వస్తుంది, కంప్యూటరులో చరిత్ర ఉంటుంది, రేపు కారు అమ్మేటప్పుడు అది పనికొస్తుంది. కారు అప్పటికే అక్కడ విప్పి ఉంది కూడా. తెలిసి ఇచ్చిన రెండు వేలు వేరు, తెలియక ఇచ్చిన తొమ్మిది వేలు వేరు. మా కారుకి వారంటీ అయిపోయింది కనుక వచ్చే ఏడు మేస్త్రీ దగ్గరికి వెళ్ళినా వెళ్తానేమో. వారంటీ ఉన్న కార్లకి మాత్రం పుస్తకంలో చెప్పిన గడువు తప్పకుండా సర్వీసు చేయించి, ప్రతి బిల్లూ దాచుకోవాలి సుమా!

ఆవేళ నేను నేర్చుకున్నది ఇదీ. ఎస్టిమేటు న్యాయమైనదా కాదా అనేది ఒక ప్రశ్న కాదు, రెండు. ఈ పని కావాలా? దీనికి ఇంతవుతుందా? మనం రెండోదాన్నే పట్టుకుని వేలాడతాం. మా ఎస్టిమేట్లో ధరలన్నీ సరిగ్గానే ఉన్నాయి, అక్కర్లేని పనులకి కూడా! కందిపప్పు ధర న్యాయమైనదే అయినా, ఇంట్లో ఐదు కిలోలు ఉండగా ఇంకో ఐదు కిలోలు కొంటామా? అలాగే, ఇంట్లో గింజ లేనప్పుడు ధర ఎక్కువని మానేసి పస్తుంటామా? అక్కర్లేనివాటికి పుస్తకంలో పట్టికా, పాత బిల్లూ సాక్ష్యం. ధరకి డబ్బా మీది ఎంఆర్‌పీ సాక్ష్యం. అరుగుదలకి మాత్రం మన కళ్ళే సాక్ష్యం. చూడకుండా ఒప్పుకోవడం ఎంత తప్పో, చూడకుండా కొట్టెయ్యడమూ అంతే తప్పు. మొదటిదానికి డబ్బే పోతుంది. రెండోదానికి...

మీరు వెళ్ళినప్పుడు మొహమాటపడకండి. ఎస్టిమేటు కాగితం మీద తీసుకోండి, ఫోనులో వస్తే ఎత్తి రాసుకోండి. "మిమ్మల్ని అడక్కుండా ఇంకేమీ చెయ్యం" అని జాబ్ కార్డులో రాయించుకోండి. మార్చామన్న ప్రతి పాత వస్తువునీ తిరిగి ఇమ్మని ముందే చెప్పండి. అలా చెబితే మార్చకుండా మార్చామనే పని ఉండదు. పక్కా బిల్లు లేకుండా డబ్బు కట్టకండి. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారమే తప్పు. మాట్లాడినా తెమలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను ఉంది, 1915 నంబరు. చాలా కంపెనీల వెబ్‌సైట్లలో ఏ సర్వీసుకి ఎంతవుతుందో కూడా పెడుతున్నారు. పిల్లలనడిగితే క్షణంలో చూసి చెబుతారు. అన్నిటికంటే ముఖ్యం, కేకలు వేయొద్దు. ఎదురుగా ఉన్నవాడు కూడా ఒక ఇంటి పిల్లాడే. వాడు చెప్పే పది మాటల్లో ఏ ఒక్కటి మన ప్రాణానిదో తెలుసుకోవాలంటే వాడు మనతో మాట్లాడాలి కదా!

కార్తీక సోమవారానికి ముందురోజు బయల్దేరి వెళ్ళాం. నరసరావుపేట, వినుకొండ, దోర్నాల. దర్శనం బాగా జరిగింది. తిరుగు ప్రయాణంలో ఘాట్ దిగుతుంటే, ఒక మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. మావారు బ్రేకు తొక్కారు. కారు బుద్ధిగా ఆగింది. బస్సు పక్కనుంచి వెళ్ళిపోయింది. అంతే, ఇంకేమీ జరగలేదు. అత్తయ్యగారు నిద్రలోంచి లేవనుకూడా లేదు. మావారు పాట కూనిరాగం తీస్తూ గేరు మార్చారు. నేను మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని గట్టిగా నొక్కుకుంటూ కూర్చున్నాను.

ఇంటికొచ్చాక ఆయనకి అంతా చెప్పాను, పిన్నిగారి మాటా, నా గీతా దాచకుండా. పాత బిల్లులు చూసి ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఇకనుంచి సర్వీసింగు నీదే" అన్నారు చివరికి. పొగడ్తో, పని తప్పించుకోవడమో ఆయనకే తెలియాలి!

ఆ పాత ప్యాడు ఒకటి నా దగ్గరే ఉంది. బిల్లులు పెట్టే సొరుగులో కాగితాలు ఎగిరిపోకుండా పైన పెట్టాను. మిగిల్చిన 9,280 రూపాయలు గుర్తొచ్చి గర్వం కలిగినప్పుడల్లా దాన్ని ఓసారి చూసుకుంటాను.